పెట్రోలు మూతకు పెట్టిన బొట్టు

మొన్నామధ్య మా చిన్నకూతురు కారులో ప్రొద్దుటూరు నుంచి మైదుకూరుకు బయల్దేరాము. అక్కడ మా మేనకోడలి ఇంట్లో ఆమె మనవడికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. ఊరు దాటి నాలుగు మైళ్ళు పోయామో లేదో (నాకింకా మైళ్ళే అలవాటు, కిలోమీటర్లు నోటికి రావు), కారు సన్నగా ఒక వణుకు వణికి, ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు వేగం తగ్గింది. స్టీరింగు ముందర ఏదో దీపం వెలిగింది. మా కూతురు కంగారేమీ పడకుండా బండిని పక్కకు తీసి, ఫోను చేసి ఒక మెకానిక్కును పిలిపించింది. అతను వచ్చి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి కారుకు తగిలించి, దాంట్లో ఏదో చదివి, ఫలానా చోట తీగ వదులైందని చెప్పి, బిగించి వెళ్ళిపోయాడు. చెవి పెట్టి విన్నదీ లేదు, చేతికి మసి అంటినదీ లేదు. అతను వచ్చాక ఇదంతా అయిదారు నిమిషాల పని. అంతసేపూ నేను తలుపు పిడి పట్టుకున్న చెయ్యి వదల్లేదు, చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. ఎండకు ఉడికిపోతున్నానని మా కూతురు నీళ్ళ సీసా ఇచ్చింది. నాకు పట్టింది ఎండ చెమట కాదు, భయం. అది ఇప్పటి భయమూ కాదు. నా ఈడువాళ్ళు, ఆ కాలపు బళ్ళెక్కి తిరిగినవాళ్ళు, ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకోసమే ఈ సంగతి రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. పులివెందులలో మా మేనమామకు చెనిక్కాయల, అంటే వేరుశనగ, వ్యాపారం ఉండేది. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బళ్ళలో ఒక వ్యానును ఆయన మద్రాసు దాకా పోయి కొనుక్కొచ్చాడు. అది ఎన్ని దేశాలు తిరిగొచ్చిందో తెలియదు గానీ, మా దగ్గరికి వచ్చేసరికే ముసలిది. పైన నీలం రంగు పూయించినా, గోటితో గీరితే అడుగున మిలిటరీ పచ్చరంగు కనిపించేది. ముందర హ్యాండిలు పెట్టి తిప్పితేనే స్టార్టయ్యేది. ఆ హ్యాండిలు మనసు బాగాలేనప్పుడు ఎదురు తన్నేది కూడా, నా కుడి మణికట్టు ఈనాటికీ వానాకాలంలో లాగుతుందంటే అది పెట్టిన భిక్షే. అయినా ఆ బండికి నేను డ్రైవరునంటే ఊళ్ళో నా నడకే వేరు. పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఈ నాలుగు ఊళ్ళ మధ్య నాకు తెలియని గుంత లేదని చెప్పుకునేవాణ్ణి. లైసెన్సు కాగితాన్ని జేబులో మడిచి పెట్టుకుని, ఎవరూ అడక్కపోయినా తీసి చూపించేవాణ్ణి.

నాకు బండి పని నేర్పినవాడు ప్రొద్దుటూరులో ఒక సాయెబు మేస్త్రి. రేకుల షెడ్డు, దాని ముందు ఒక వేపచెట్టు, చెట్టుకు వేలాడే ఇనుప గొలుసు, అదే ఆయన కార్ఖానా. ఇంజను విప్పడానికి ఆయన తొందరపడేవాడు కాదు. మొదట బండిని నడిపించి, బానెట్టు ఎత్తి, కళ్ళు మూసుకుని తల వంచి వినేవాడు. ఆ వినడం చూస్తే లోపల ఎవరో రహస్యం చెబుతున్నారేమో అనిపించేది. ఆయన నాకు చెప్పిన పాఠం ఒకటే. "అబ్బయ్యా, బండి నిల్చిపాయె అంటే ముందే పానా తీయగాకు, చెవి బెట్టు. ఇంజనుకు కావాల్సింది మూడే. పెట్రోలు, నిప్పు, గాలి. మూడిట్లో ఏది రాల్యాదో కనుక్కుంటే నువ్వు మేస్త్రివి. ల్యాకుంటే బోల్టులిప్పే కూలోనివి." నేను తలూపేవాణ్ణి. పెట్రోలంటే ట్యాంకు, పైపు, పంపు. నిప్పంటే ప్లగ్గులు, కాయిలు. ఈ రెండూ నాకు బాగానే వంటబట్టాయి. గాలి అంటే కార్బొరేటర్ మీద ఉండే జల్లెడ డబ్బా అనుకుని, నెలకొకసారి దాన్ని దులిపేసి ఆ పాఠం కూడా ముగిసిందనుకున్నాను.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పి మిమ్మల్ని ఆశ్చర్యపెట్టాలని నాకు లేదు, ఇన్నేళ్ళు దాచిందే చాలు. మా పక్క ఆయుధపూజ అంటే మగ్గానికీ, మడకకూ, తూనికరాళ్ళకూ, ఆఖరుకు కత్తిపీటకూ బొట్టు పెట్టే పండగ. బండి ఉన్నవాళ్ళ ఇంట్లో సంబరం చెప్పనక్కర్లేదు. ఆ ఏడు మా మామ వ్యానును పూజకు సిద్ధం చేసే పని నాకే వదిలేశాడు. రెండు రోజులు కడిగాను, తుడిచాను. పెట్రోలు ట్యాంకు మూత దగ్గర కాస్త చెమ్మ కారుతోందని దానికి కొత్త తోలు వాచరు కోసి బిగించాను. పసుపులో గంధం కలిపి చిక్కగా రంగరించి, చక్రాలకూ, దీపాలకూ, స్టీరింగుకూ పూశాను. డ్రైవరు తలుపు కింద పక్కకు ఆ ట్యాంకు మూత ఉండేది. ఇది పెట్రోలు తాగే నోరు కదా, నోటికి బొట్టు పెట్టకపోతే ఎట్లా అని, ఆ మూత మొత్తానికి మందంగా పసుపు మెత్తి, నడిమధ్యన రూపాయంత కుంకుమబొట్టు పెట్టాను. అందరూ ముచ్చటగా ఉందన్నారు.

ఆ మూత మధ్యలో గుండుసూది దూరేంత రంధ్రం ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోయేకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోవాలి. గాలి పోకపోతే లోపల ఖాళీ బిగుసుకుని పెట్రోలును పట్టుకుంటుంది, పంపు ఎంత లాగినా చుక్క రాదు. నేను ఆ రంధ్రాన్ని పసుపూ గంధంతో పూడ్చేసి, దానిమీద బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళకద్దుకున్నాను. ఆ రోజు బండిని గుడి దాకా తోలి తెచ్చి నిలబెట్టాము. అర మైలు కాబట్టి ఏమీ తెలియలేదు. తర్వాత రెండు రోజులు అది ఎండలో నిలబడి ఉండగా ఆ పూత గచ్చులా ఎండిపోయింది.

మూడోనాడు పొద్దున ఎనిమిది గంటలప్పుడు మా బావ ఎద్దులబండి మా ఇంటి ముందు ఆగింది. మా అక్కను పులివెందులకు అయిదారు మైళ్ళలో ఒక పల్లెకు ఇచ్చాము. బండిలో అక్క ఒళ్ళో అయిదేళ్ళ మేనకోడలు పడుకుని ఉంది. నాలుగు రోజులుగా గొంతునొప్పి, జ్వరం అని కషాయాలిచ్చారట. ఆ పొద్దుటికి మెడ ఎద్దు మెడలా వాచి, ఊపిరి తీస్తే గొంతులోంచి రంపం లాగినట్టు చప్పుడు వస్తోంది. వచ్చే దారిలోనే డాక్టరుకు చూపించారు. ఆయన దీపం పెట్టి గొంతులోకి చూసి, కంఠసర్పి అని చెప్పాడు. గొంతులో పొర పెరిగి ఊపిరిదారి మూసుకుపోతోందని, దానికి కావలసిన మందూ, అవసరమైతే గొంతు కోసే సాధనాలూ తన దగ్గర లేవని, జమ్మలమడుగులో పెద్దాసుపత్రికి పోవాలని, మధ్యాహ్నం దాటనీయవద్దని చెప్పాడట. ఆ జబ్బు పేరు మా కాలంవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ముందటేడు మా వీధిలోనే ఇద్దరు పిల్లలు పోయారు దాంతో. మా అక్కకు ఆ పాపకు ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఈ పిల్ల ఒక్కతే మిగిలింది.

జమ్మలమడుగు నలభై మైళ్ళకు తక్కువ కాదు. ఆ రోడ్డు మీద మా బండి గంటకు ఇరవై మైళ్ళు పోతే గొప్ప. పదిన్నరకంతా చేరుస్తాను అని ధీమాగా అన్నాను. నా మాటకు మా అక్క మొహం కాస్త తేటపడింది. ఆ తేటపడిన మొహం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. అక్క పాపను పెట్టుకుని ముందు నా పక్కన కూర్చుంది. బావ వెనక ఎక్కాడు. పసుపూ కుంకుమతో కళకళలాడే బండి హ్యాండిలు ఒక్క తిప్పుకే పలికింది.

తొండూరు దాటిందాకా ఏ లోటూ లేదు. దాటిన తర్వాత రెండు మైళ్ళకు ఇంజను ఒక దగ్గు దగ్గింది. ఎక్సలేటరు తొక్కితే లేవాల్సిన గొంతు లేవలేదు. మళ్ళీ దగ్గింది, కార్బొరేటర్ లోంచి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వచ్చింది, పది గజాలు ఈడ్చుకుంటూ పోయి ఆగిపోయింది. ఇంజను ఆగితే చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకంతవరకు తెలియదు. ఆ నిశ్శబ్దంలో పాప ఊపిరి చప్పుడొక్కటే వినబడుతోంది. నేను దూకి బానెట్టు ఎత్తాను. మేస్త్రి పాఠం గుర్తుంది. మొదట పెట్రోలు చూడాలి. మూత విప్పి పుల్ల ముంచాను. సగం ట్యాంకు ఉంది. మూత బిగించాను. వెనకనుంచి బావ అరుస్తూనే ఉన్నాడు, ఆ గొడవలో మూత విప్పినప్పుడు ఏ చప్పుడు వచ్చిందో నా చెవిన పడలేదు. పెట్రోలుంది కాబట్టి నిప్పే లేదనుకున్నాను. ప్లగ్గులు విప్పి, నల్లగా పట్టిన మసిని ఉప్పుకాగితంతో గీకి, మళ్ళీ బిగించి హ్యాండిలు తిప్పాను. ఇంజను లేచింది. ప్లగ్గులే బావా, మసి పట్టినాయి అని చెప్పి సీటెక్కాను. మూత విప్పినందుకు ట్యాంకులోకి గాలి పోయి బండి లేచిందని తెలియక, ప్లగ్గులు గీకినందుకు లేచిందని నమ్మాను. పైగా నా పనితనానికి నేనే లోలోపల మురిసిపోయాను కూడా.

మరో ఏడెనిమిది మైళ్ళు పోయేసరికి అదే దగ్గు. బండి ఆగింది. ముందుకూ వెనక్కూ కనుచూపు మేర జొన్నచేలు, ఎర్రటి ఎండ, ఒక్క మనిషి లేడు. ఆ దారిన వచ్చే బస్సు సాయంకాలానికి గానీ రాదు. మళ్ళీ ప్లగ్గులు విప్పాను. శుభ్రంగానే ఉన్నాయి. అయినా మళ్ళీ గీకాను, వేరే ఏం చేయాలో తోచక. పెట్రోలు ఇందాకనే చూశాను కదా అని మూత జోలికి పోలేదు. హ్యాండిలు తిప్పాను, తిప్పాను, చేతులు బొబ్బలెక్కాయి, ఒకసారి ఎదురు తన్ని నన్ను రోడ్డు మీద పడేసింది. బావ దిగి నా మీదకు వచ్చాడు. ఆయన మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం గొంతు చీరుకుపోయేటట్టు అరిచాడు.

"పోతాదా పోదా చెప్పప్పా! పోదంటే చెప్పు, పిల్లను ఎత్తుకోని నేను నడుస్తా. మొన్ననే గదా పూజలు చేస్తిరి, టెంకాయలు కొడితిరి, ఏంది ఈ బండి!"

బావ నా భయాన్ని చూసే అరిచాడని నాకు తెలుసు. ముద్దనూరుకు ఇంకా ఎంత లేదన్నా ఎనిమిది మైళ్ళుంది. మా అక్క మాత్రం పాప తల భుజాన వేసుకుని, ఆ పిల్ల ఊపిరితో పాటు తనూ ఊపిరి లాగుతూ కూర్చుంది. పాప లోపలికి లాగినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. నాకేసి చూసి, "అబ్బీ, ఊపిరి తీస్తాంది గానీ లోపలికి పోవడంల్యా" అన్నది. కోప్పడి ఉంటే బాగుండేది.

పంపు దగ్గర పైపు ఊడదీశాను. చుక్క పెట్రోలు లేదు. పైపులో చెత్త పడిందనుకుని, నోరు పెట్టి ట్యాంకు వైపుకు గట్టిగా ఊదాను. బుడబుడమని చప్పుడై, పెట్రోలు ఒక్కసారి నా నోట్లోకి ఎగజిమ్మింది. ఉమ్మేసి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, పైపు బిగించి హ్యాండిలు తిప్పితే బండి లేచింది. చెత్తే బావా, ఈసారి పోయింది అన్నాను. నేను ఊదిన ఊపిరే ట్యాంకులోకి గాలై పోయిందని అప్పుడైనా తోచలేదు. భయపడినవాడికి బుర్ర పనిచేయదని అంటారు గానీ, అది నిజం కాదు. పని చేస్తుంది, కాకపోతే ఒకసారి ఫలించిన పనినే పట్టుకుని వేలాడుతుంది. ముద్దనూరు వచ్చేదాకా నేను రోడ్డును చూడలేదు, ఇంజను గొంతునే విన్నాను. ఒక చెవితో ఇంజను, ఒక చెవితో పాప. ఏది ముందు ఆగుతుందోనని.

ముద్దనూరులో ఆగి ఎవరినైనా సాయం అడగమని బావ అన్నాడు. బండి బాగా పోతోంది, ఆగితే మళ్ళీ లేవదేమో అని భయపడి నేను ఆపలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఊరు దాటాక కొండ మొదలవుతుంది. ఆ ఘాటు ఎక్కి దిగితే పెన్న, పెన్న దాటితే జమ్మలమడుగు. ఎక్కుడు సగం కూడా కాకముందే ఇంజను దగ్గింది.

ఈసారి బండి ఆగడమే కాదు, వెనక్కు జారడం మొదలుపెట్టింది. బ్రేకు అంతంతమాత్రం. నేను రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడి కేక పెడితే, బావ వెనకనుంచి దూకి, చేతికందిన రాళ్ళు తెచ్చి చక్రాల కింద పడేశాడు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బండి రాళ్ళకు ఆనుకుని నిలబడింది. నేను దిగి చూస్తే పాప పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు. మా బావ అరవడం మానేశాడు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. అరిచినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. పైపు మళ్ళీ ఊదుదామని వంగాను, చెమట చేతుల్లోంచి పానా జారి లోయలోకి పోయింది.

నేను ట్యాంకు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఏ దేవుణ్ణి తలుచుకున్నానో గుర్తులేదు. పానా లేకుండా చేతితో విప్పగలిగింది ఆ మూత ఒక్కటే కాబట్టి దాన్ని తిప్పాను. ఈసారి అరిచేవాళ్ళు లేరు. మూత వదులు కాగానే ట్యాంకు స్స్‌స్‌మని ఇంత పొడుగున గాలి పీల్చుకుంది. అచ్చం పైన అక్క ఒళ్ళో పాప పీలుస్తున్నట్టే. పెట్రోలు, నిప్పు, గాలి. చేతిలో మూత తిప్పి చూశాను. లోపలివైపు నడుమ సన్నటి రంధ్రం ఉంది. పైవైపు అదే చోట నేను పెట్టిన కుంకుమబొట్టు ఉంది.

"అక్కా, పిన్నీసు ఉంటే ఈయ్" అన్నాను. ఎందుకని అడగలేదు. తాళికి గుచ్చుకున్న పిన్నీసుల్లో ఒకటి ఒంటిచేత్తో తీసి కిటికీలోంచి ఇచ్చింది. దాంతో ఆ ఎండిన పసుపును పొడిచాను. రాలకపోతే గోళ్ళతో గీకాను, పళ్ళతో కొరికాను. రంధ్రంలోంచి అవతలి వెలుతురు చుక్కగా కనిపించాక మూత బిగించి హ్యాండిలు తిప్పాను. రెండో తిప్పుకు బండి లేచింది. బావ పరుగున వచ్చి ఎక్కాడు. ఆయన అడక్కముందే "చెత్త అడ్డం పడింది బావా" అన్నాను. ఆ మాట అంత సులువుగా నా నోటినుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

ఇక ఆ బండి ఆగలేదు. ఘాటు ఎక్కింది, దిగింది, పెన్న దాటింది. పదిన్నరకు చేరాల్సినవాళ్ళం ఒంటిగంట దాటాక ఆసుపత్రి ముందు ఆగాము. నర్సమ్మ పాపను చూసి నడవలేదు, పరుగెత్తింది. మందు ఎక్కించి పనిచేసేదాకా ఆగే వ్యవధి లేదని, గొంతు కింద కోసి ఊపిరికి దారి చేసి వెండి గొట్టం పెట్టారు. తలుపు బయట నిలబడ్డ నాకు లోపలినుంచి ఆ గొట్టంలో గాలి పోయే చప్పుడు వినిపించింది. ఇంకొక పావుగంట ఆలస్యమైతే చేయడానికి ఏమీ ఉండేది కాదని డాక్టరు బావతో చెప్పాడు. బావ వచ్చి నా రెండు చేతులూ కళ్ళకద్దుకుని ఏడ్చాడు. ఆ చేతుల గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. చెప్పకుండా చేతులు వెనక్కు తీసుకుని జేబుల్లో పెట్టుకున్నాను. మూడు వారాలకు పాప ఇంటికి వచ్చింది. గొంతు కింద మచ్చ మిగిలింది, మాట కాస్త బొంగురుపోయింది, అంతే. మొన్న మైదుకూరులో మనవడికి పుట్టువెంట్రుకలు తీయించింది ఆ పాపే.

ఈ మధ్యదాకా ఈ సంగతి నేను చెప్పుకున్న మనిషి ఒక్కడే, ప్రొద్దుటూరు మేస్త్రి. ఆ వారమే బండి తీసుకుపోయి, షెడ్డులో ఎవరూ లేనప్పుడు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన మూత చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "పూజ చేసుకో అబ్బయ్యా, వద్దన్ల్యా. దేవునికైనా బొట్టు నొసట పెడ్తారు గానీ ముక్కులో పెడ్తారా? ఊపిరాడే తావ పెట్టగాకు, అంతే" అన్నాడు. తర్వాత అక్కకు చెప్పినావా అని అడిగాడు. లేదన్నాను. ఆ తర్వాతి ఏడు నుంచి ఆయుధపూజ మర్నాడు ఆయన చేతిలో సూది పట్టుకుని, ప్రొద్దుటూరులో తనకు తెలిసిన బళ్ళన్నిటి దగ్గరికీ నడిచి వెళ్ళి మూతలు చూసి వచ్చేవాడని విన్నాను. ఎందుకని అడిగినవాళ్ళకు నా పేరు చెప్పలేదు.

మా అక్క మాత్రం ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు పల్లెనుంచి బండి కట్టించుకుని వచ్చేది. తన బిడ్డను బతికించిన బండి కాబట్టి మొదటి బొట్టు తనే పెట్టాలని పట్టు. ఆమె భక్తిగా పసుపు పూస్తుంటే నేను పక్కన ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాణ్ణి. ఆమె లోపలికి పోగానే మూత తీసి తుడిచేసేవాణ్ణి. మా మామ ఆ వ్యాను అమ్మేసేదాకా ఏటేటా ఇదే తంతు. ఒక్కొక్క ఏడు ఈసారి చెప్పేద్దామని నోరు తెరిచేవాణ్ణి, ఆమె నా పళ్ళెంలో ఇంకో బొబ్బట్టు వేసి నా నోరు మూయించేది.

అక్క ఆఖరి రోజుల్లో కడప ఆసుపత్రిలో ఉంది. బావ అప్పటికే లేడు. నేను రోజూ పోయి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. ఒకనాటి మధ్యాహ్నం ధైర్యం చేసి, అక్కా నీకొక మాట చెప్పాలి అన్నాను. అప్పుడే నర్సు వచ్చింది. అక్క నన్ను చూపించి, "వీడే మా తమ్ముడు. ఆ పొద్దు వీడు ల్యాకుంటే నా కూతురు ల్యాదమ్మా" అని, ఆ కథంతా మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ రోజు నేను లేకపోయి ఉంటే, ఆ బండికి బొట్టు పెట్టినవాడు ఇంకెవరైనా అయి ఉంటే, పాప పదిన్నరకే చేరి ఉండేది, గొంతు కోయించుకోకుండానే బతికి ఉండేదేమో. నర్సు పోయాక అక్కకు దుప్పటి కప్పి, ఆ మాట చెప్పకుండానే లేచి వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత అక్క పోయింది.

ఇప్పుడు ఆ ఘాటు రోడ్డు మీద అరగంటకొక బస్సు పోతుంది. పసిపిల్లలకు ముందే సూదులు వేస్తున్నారు కాబట్టి కంఠసర్పి అంటే మా మనవళ్ళకు అర్థం కూడా కాదు. ఆ భయాలన్నీ పోయినందుకు నాకు సంతోషమే. కానీ మా కాలంలో బండి ఆగిపోయిందంటే ఎందుకు ఆగిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. బళ్ళన్నాక ఆగేవి, అంతే. అక్క వందసార్లు చెప్పిన ఆ కథలో కూడా బండి మూడుసార్లు ఆగిందనే ఉండేది, ఎందుకు ఆగిందో ఉండేది కాదు. ఈ మధ్య మా మనవరాలికి అదే కథ చెబుతుంటే, ఆ పిల్ల అందరికంటే ముందు అడిగిన ప్రశ్న అదే. ఎందుకు ఆగింది తాతా అని. ఇన్నేళ్ళకు నన్ను అడిగిన మనిషి దొరికింది కదా అని ఆ పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. విని, ఓహో అంతేనా అన్నది. తప్పేం లేదు, ఆ పిల్లకు అంతే. ఆ మాట అనాల్సింది మాత్రం మా అక్క.